ఉప్పుచేప రుచి ఒడ్డునే తేలిపోతుంది

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ వంటల పేజీలో ఉప్పుచేపల పులుసు గురించి వేశారు. మా మనవరాలు చదివి వినిపించింది. ఎండు కానాగంతల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మూడు నీళ్ళలో కడిగి, నీచు పోయేలా అల్లం వెల్లుల్లి దట్టించమన్నారు. అంతసేపు నానితే ఇక మిగిలేది పీచే. నేను భీమిలి దగ్గర రేవులో నలభై ఏళ్ళుగా చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకుంటున్నాను. నాకు చదువు రాదు, ఈ ఉత్తరం పిల్లే రాస్తోంది.

నీచు కొట్టే ఉప్పుచేప అంటే ఉప్పు ఆలస్యంగా పడిన చేప. దాన్ని ఏ మసాలా బాగుచెయ్యలేదు. పడవ రాగానే మొప్ప ఎత్తి చూడాలి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. పేగులూ మొప్పలూ తీసేసి, వెన్నుముల్లు వెంబడి ఉండే నల్ల నెత్తుటి గీతని గోటితో గీకి కడగాలి. చేదంతా అక్కడే ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. నాలుగు కిలోల చేపకి కిలో రాళ్ళుప్పు. సన్న ఉప్పు వేస్తే పైకండ బిగుసుకుపోయి ఉప్పు లోపలికి దిగదు. తొట్టిలో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చి పైన బరువు పెడితే, చేప వదిలిన నీళ్ళలో చేపే మునుగుతుంది. కానాగంతకి ఒక రాత్రి చాలు, వంజరం ముక్కలకి రెండ్రోజులు పడుతుంది. నెత్తళ్ళకి ఉప్పుతో పనే లేదు, కడిగి ఆరబోస్తే గలగలలాడతాయి.

మండే ఎండ మంచిదనుకుంటారు గానీ, మిట్టమధ్యాహ్నం చేప పైన చెక్కలా బిగిసి లోపల తడి అలాగే ఉండిపోతుంది. వారం తిరక్కుండా లోపల్నుంచి పాడవుతుంది. మేం ఆ వేళకి నీడకి లాగి, సాయంత్రం గాలికి మళ్ళీ పరుస్తాం.

ఒక ఏడు కక్కుర్తి పడ్డాను. మధ్యాహ్నం దాకా ఎండలో పడున్న కానాగంతలు సగం ధరకి వస్తున్నాయని కొని ఉప్పులో వేశాను. చూపుకి బాగానే ఎండాయి. మా మరిది తిన్న అరగంటకే మొహం కందగడ్డలా అయింది, ఒళ్ళంతా దురద, తలనొప్పి. ఎండలో చేప మాగినప్పుడే అందులో విషం పుడుతుందనీ, ఉప్పు వేసినా ఉడికించినా అది పోదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ బస్తా మొత్తం గొయ్యి తీసి పూడ్చాను.

కానాగంత అంటే గుర్తొచ్చింది, దాని శాస్త్రీయ నామంలో ‘కానగుర్తా’ అని మన పేరే ఉందట. ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించి, ఇక్కడి పేర్లతోనే 1803లో అచ్చువేయించాడట. పిల్ల చెబితే నవ్వొచ్చింది. మా పేరు లండన్ దాకా వెళ్ళింది, మా చేప మాత్రం ఇంకా ఇసుకలోనే దొర్లుతోంది. ఇసుక నమిలిన నోటికి రుచేం తెలుస్తుంది? నడుమెత్తు కర్రల పందిరి వేసి పైన పాత వల బిగిస్తే చాలు, కిందనుంచీ గాలాడుతుంది, కుక్కలూ ముట్టవు. నాకున్నది ఒక్కటే, అదీ సొంతంగా వేసుకున్నది. రేవులో మిగతా ఆడవాళ్ళకి కూడా కావాలని మీరు ఒక ముక్క రాస్తే బాగుణ్ణు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు మా ఇళ్ళు గడిచేది ముందు ఎండబెట్టి దాచిన సరుకుతోనే.

ఇక వంట సంగతి. చేపని ముందు ఉత్త మూకుడులో కాస్త వేయించి, పావుగంట గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, ఒక్కసారి కడిగితే చాలు. వంకాయతోనో మామిడికాయతోనో పులుసు పెట్టుకోండి. ఉప్పు మాత్రం ముందే వెయ్యమని రాయకండి. చేప ఉడికాక పులుసు నాలిక మీద వేసుకుని చూసి, తక్కువైతే అప్పుడు వెయ్యాలి.

ఇట్లు,
ఎండుచేపలు అమ్ముకునే ఒక అమ్మ,
భీమునిపట్నం దగ్గర
(పేరు వెయ్యవద్దని మనవి)