టెన్నిస్ మాస్టారి కోసం వచ్చిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. నేను టెన్నిస్ మాస్టారి అమ్మాయిని, విజయనగరంలో ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటా. నాన్న పెద్దకర్మ అయింది, చుట్టాలు ఊళ్లకి వెళ్లిపోయారు, అమ్మ కాస్త నిద్రపోతోంది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయలేనని కూర్చున్నాను. పేర్లు రాయట్లేదు, ఒకరిది రాసి ఇంకొకరిది మర్చిపోతే నాకే బాధ. ఎవరేం చేశారో మీకు తెలుసు, మాకు తెలుసు.

ఆ పొద్దున్న నాన్న టెన్నిస్ కోర్టులో కూలబడిపోతే, ఎండదెబ్బేమో, నీళ్లు తాగితే సర్దుకుంటుందిలే అని అందరూ అనుకుంటుంటే, మూతి ఓ పక్కకి లాగేస్తోంది, మాట తేడాగా ఉంది అని పట్టుకుని, ఎవరి మాటా వినకుండా కారెక్కించిన ఇంటర్ కుర్రాడు ఒకడున్నాడు. ముందు వాడికి చెప్పాలి. బాబూ, నువ్వు ఆ పని చెయ్యకపోతే ఆపరేషన్ దాకా కూడా వెళ్లేవాళ్లం కాదని డాక్టరుగారే అన్నారు. ఆయన దక్కలేదు, కానీ మధ్యలో రెండుసార్లు కళ్లు తెరిచి అమ్మని చూశారు. అది నీ వల్లే.

రక్తం సంగతి. ఓ నెగెటివ్ కావాలన్నారు, మనవాళ్లలో తక్కువమందికి ఉండే గ్రూపు. మెసేజ్ పెట్టాక బొబ్బిలి నుంచి, గజపతినగరం నుంచి బయల్దేరినవాళ్లున్నారు, మధురవాడలో నైట్ షిఫ్ట్ దిగి టిఫిన్ కూడా చెయ్యకుండా నేరుగా వచ్చినవాళ్లున్నారు. గ్రూపు కలవనివాళ్లు కూడా, తీసుకున్నదానికి బదులు బ్లడ్ బ్యాంకుకి ఇవ్వాలి కదా మేడమ్ అని చొక్కా చేతులు మడిచి లైన్లో నించున్నారు. వాళ్లలో సగం మంది నాకు తెలియదు. ఎవరు బాబూ మీరు అంటే, ఐదో క్లాసులో వేసవి సెలవుల్లో ఆడానండీ, తర్వాత మానేశాను అన్నాడు ఒకాయన, జుట్టు నెరిసిపోయి ఉంది.

నాన్న గురించి తెలియని చిన్నవాళ్ల కోసం కొంచెం చెప్తాను. మనది మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారి గురించి కథలుగా చెప్పుకునే ఊరు, 1936లో ఇంగ్లండ్‌లో ఇండియా క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా వెళ్లిన విజ్జీ ఊరు. టెన్నిస్ మాత్రం సాయంత్రం తెల్లబట్టలు వేసుకుని ఆఫీసర్లు ఆడుకునే ఆట. నాన్న ఆ ఆటలోకి బంతులు ఏరే కుర్రాడిగా వెళ్లారు. తర్వాత మార్కర్ అయ్యారు, అంటే క్లబ్బులో జోడీ దొరకని సభ్యులతో ఆడిపెట్టే ఉద్యోగి. కోచింగ్ డిప్లొమా ఏమీ లేదు. రిటైరయి వెళ్లిపోయే సారువాళ్లు ఇచ్చిన పాత రాకెట్లతో వీధి పిల్లల్ని పోగేసి మొదలుపెట్టారు. ఫీజు ఉన్నవాళ్ల దగ్గర తీసుకునేవారు, లేనివాళ్లని అడిగేవారు కాదు. అమ్మకి దీని మీద చాలా కోపం ఉండేది, ఇల్లు నడిపేది ఆవిడ కాబట్టి ఆ కోపం న్యాయమైనదే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆయన పని చూడాలంటే పొద్దున్న ఐదింటికి వెళ్లాలి. మట్టి కోర్టుకి నీళ్లు చల్లి, రోలర్ లాగి, తాడు పట్టి సున్నంతో గీతలు వేసేవారు. నెట్ మధ్యలో ఎత్తు మూడడుగులుండాలి కదా, టేపు వాడేవారు కాదు. ఒక రాకెట్ నిలువుగా పెట్టి, దాని మీద ఇంకో రాకెట్ తల అడ్డంగా ఆనించేవారు, ఇరవై ఏడు అంగుళాలూ తొమ్మిదీ, లెక్క సరిపోయేది. డబ్బా తెరిచిన కొన్నాళ్లకి గాలి తగ్గి చచ్చుబడిపోయిన బంతులు అందరూ పారేస్తారు, నాన్న వాటిని అడిగి తెచ్చి చిన్నపిల్లలకి వాడేవారు, తక్కువ ఎగురుతాయి, పిల్లగుంటలకి బెదురుండదు అని. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు బంతి వాడకూడదు, మెత్తనివే వాడాలి అని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య రూలు పెట్టింది. ఎవరో అది చదివి వినిపిస్తే, "ఆళ్లకిప్పుడు తెలిసిందేటి" అన్నారట.

ఆడపిల్లలు 2005 తర్వాత వచ్చారు. ఆ ఏడాది సానియా మీర్జా హైదరాబాద్‌లో టైటిల్ గెలిచింది, టీవీల్లో అంతా తనే. పిల్లలకి ఆశ, ఇళ్లలో స్కర్టుల గొడవ. చుడీదార్‌తో పంపండమ్మా, పరుగెత్తేటప్పుడు కాలికి అడ్డం రాకపోతే చాలు అని ఇంటింటికీ వెళ్లి చెప్పారు. అప్పుడు చుడీదార్‌తో ఆడిన అమ్మాయిల్లో ముగ్గురు పెద్దకర్మ రోజు వంటల దగ్గర నిలబడి, మాకు పని లేకుండా చేశారు. అప్పా, నువ్వు కూర్చో అని నా చేతిలో గరిటె లాక్కున్నారు. హుద్‌హుద్ తుపానుకి కోర్టు కంచె, చెట్లు అన్నీ పడిపోయినప్పుడు రంపాలు పట్టుకొచ్చిన బ్యాచే మొన్న కార్లు పెట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ చూసుకుంది. వాళ్లకి నేనేం చెప్పగలను.

ఇంకొకటి చెప్పాలి. మా వరండాలో రాకెట్లకి తీగ బిగించే గట్టింగ్ మెషిన్ పక్కన, నాన్న ఇంకా తీగ కట్టని రాకెట్లు గోడకి ఆనించి ఉండిపోయాయి. ఒక్కోదానికి రబ్బరుబ్యాండుతో చీటీ, పేరు, ఎన్ని పౌండ్ల బిగువుతో కట్టాలో. పదోరోజు రాత్రి బెంగుళూరు నుంచి వచ్చిన ఆయన శిష్యుడొకడు ఎవరికీ చెప్పకుండా కూర్చుని అన్నీ కట్టేశాడు. ఒక చీటీ మీద 54 కొట్టేసి, నాన్న రాతలో "మోచెయ్యి నొప్పి, 46 చాలు" అని ఉంది. ఆ కుర్రాడు 54 అడిగి ఉంటాడు, తీగ బిగువైతే దెబ్బ చేతికి తగులుతుందని ఈయన తగ్గించారన్నమాట. 46కే కట్టాడు. బాబూ, ఆ రాకెట్ నీదైతే కోపం తెచ్చుకోకు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. మీరు పంపిన దాంట్లో ఆసుపత్రి బిల్లు పోను కొంత మిగిలింది. అమ్మ ముట్టుకోనంది. తూర్పు వైపు కంచె, కొత్త నెట్, రెండు బస్తాల సున్నానికి వాడదామని పెద్ద బ్యాచ్ వాళ్లు అన్నారు, సరే అన్నాం. ఖర్చుల కాగితం కోర్టు షెడ్డులో అంటించి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

పొద్దున్నే ఐదున్నరకి పాత శిష్యులు వంతులవారీగా వచ్చి పిల్లల్ని ఆడిస్తున్నారు. నాన్న ఉన్నప్పటిలాగే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజు ఒక్కటే సెలవు. చీటీ ఊడిపోయిన రాకెట్లు రెండు మా ఇంట్లో ఉన్నాయి, ఒకదానికి ఆకుపచ్చ గ్రిప్పు, ఇంకోదాని ఫ్రేము పైన కొంచెం గీసుకుపోయింది. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి, డబ్బులివ్వక్కర్లేదు. సాయంత్రం పూట అయితే అమ్మ లేచి ఉంటుంది, ఓ పది నిమిషాలు కూర్చుని కాఫీ తాగి వెళ్లండి.