బందరు కాలువ నీళ్లు తాగేవాళ్లున్నారు

సంపాదకులకు నమస్కారం.

కృష్ణలంక వైపు బందరు కాలువ గట్టున ఆదివారాలు చెత్త ఎత్తుతున్న మా వీధివాళ్ల ఫొటో మీ పత్రికలో చూశాం. అందరి తరఫునా కృతజ్ఞతలు. ఫొటో కింద కాలువకు కొత్త అందం వచ్చిందని రాశారు. అందం కోసమే అయితే నేను ఈ వయసులో పార పట్టుకుని గట్టు దిగేదాన్ని కాదు. నా పుట్టిల్లు బందరు దగ్గర ఒక పల్లె. ఎండాకాలంలో ఈ కాలువకు నీళ్లు వదిలితేనే మా ఊరి మంచినీటి చెరువు నిండేది. ఇప్పటికీ అంతే. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరిన నీరు మన ఇళ్ల వెనక నుంచే బందరు దాకా వెళ్తుంది, దారిపొడవునా ఊళ్ల చెరువులను నింపుతుంది. అక్కడ వడపోసి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదులుతారు, నిజమే. అయినా మనం విసిరిన చెత్తను వడపోసుకుని తాగవలసిన ఖర్మ వాళ్లకెందుకు?

బెజవాడలో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది దీన్ని మురుగు కాలువే అనుకుంటున్నారు. మొన్న ఒక అబ్బాయి వంతెన మీద బండి ఆపి, ఇనుప వల పైనుంచి కవరు విసిరాడు. ఎందుకు బాబూ అంటే, "ఎలాగూ మురుగే కదమ్మా" అన్నాడు. పొగరుగా అనలేదు, అతనికి తెలిసిందే చెప్పాడు. ఈ నీళ్లు ఎక్కడికి పోతాయో, ఎవరు తాగుతారో చెప్పాను. చేతిలో ఉన్న రెండో కవరును బండికి తగిలించుకుని వెనక్కి తీసుకెళ్లాడు.

సంచుల్లోకి ఎత్తేటప్పుడు ఏమేమి వస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. సాంబారు, పప్పు పోసి మూతి కట్టిన కర్రీ పాయింట్ కవర్లు, టీ కప్పులు, పాన్ మసాలా పొట్లాలు, చంటిపిల్లల డైపర్లు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది పూజ చేసిన పూలు. వాటిని చెత్తబండిలో వేయడానికి మనసొప్పదు, అది నాకూ అర్థమవుతుంది. అందుకని కవరులో పోసి, గట్టిగా రెండు ముళ్లు వేసి కాలువలోకి వదులుతారు. అలాంటి కవరు ఒకటి విప్పి చూడండి. బంతిపూలు నల్లగా ముద్దయిపోయి ఉంటాయి. తమలపాకులు జిగురుగా చేతికి అంటుకుంటాయి. అగరొత్తుల పెట్టె, కర్పూరం పొట్లం, కాలిన వత్తులు, పైన కుంకుమ కరిగిన ఎర్రటి నీళ్లు. భరించలేని కంపు. పూలు గంగలో కలవాలనే కదా వేస్తున్నాం? కవరుకు ముడివేశాక అవి గంగలో కలిసేదెప్పుడు? ఒక కుండలో మట్టి పోసి ఆ పూలు వేస్తే కొన్నాళ్లకు ఎరువవుతుంది. తులసికోటలోనో మందార మొక్క మొదట్లోనో వేసుకోవచ్చు. మా వీధిలో కొందరు ఇల్లాళ్లు అలాగే చేస్తున్నారు.

రావిచెట్టు కింద పెట్టి వెళ్లే పాత దేవుడి పటాల సంగతి ఇంకా ఘోరం. దణ్ణం పెట్టి ఆనించి వెళ్తారు. గాలికి పడి అద్దం పగులుతుంది, ఆకుల్లో కలిసిపోతుంది. ఆ ఆకులు ఊడ్చేది పారిశుద్ధ్య కార్మికురాలు. పగిలిన అద్దం అరచేతిలో దిగిన ఒకామె మరుసటి రోజు గుడ్డ కట్టుకుని పనికి రావడం నేను చూశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు నగరాన్ని ముంచినప్పుడు ఇతర పట్టణాల కార్మికులు కూడా వచ్చి ఇళ్ల ముందు బురద ఎత్తిపోశారు. వారానికోసారి చేతి తొడుగులు వేసుకుని గట్టు మీదికి వెళ్లే మమ్మల్ని సేవకులని పొగుడుతున్నారు. ఆ పనే రోజూ చేసే ఆమెకు పగిలిన అద్దం విడిగా కాగితంలో చుట్టి ఇవ్వలేమా? తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లోని హానికర చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పారు. డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలని కూడా వాటిలో చెప్పారు.

ఎత్తడం కంటే అడగడం వల్లనే ఎక్కువ ఫలితం వస్తోందని నా నమ్మకం. మా సందు మొదట్లో కర్రీ పాయింట్ నడిపే ఆవిడతో కూర్చుని మాట్లాడాం. డబ్బా తెచ్చుకున్నవారికి ఒక గరిటె ఎక్కువ వేస్తానంది. వేస్తోంది. సాయంత్రాలు ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు ఇప్పుడు బండి డిక్కీలో స్టీలు డబ్బా పెట్టుకుంటున్నారు. ఆ దుకాణం ఎదుటి గట్టున కవర్లు బాగా తగ్గాయి. కార్తీకమాసం ముందు పూజా సామగ్రి అమ్మేవాళ్లనూ ఇలాగే అడగాలనుకుంటున్నాం. దీపాలు వదలడానికి ఒకప్పుడు అరటి దొప్పలే ఉండేవి, నీళ్లలో అవే కుళ్లి కలిసిపోయేవి. ఇప్పుడు థర్మోకోల్ దొప్పలు అమ్ముతున్నారు. అలంకరణ థర్మోకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఆ దొప్పలను ఎందుకు అమ్మనివ్వాలి? అరటి దొప్పలు మార్కెట్‌లో దొరుకుతాయి, కొనేవాళ్లు అడిగితే చాలు.

ఇక మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగున పేరుకున్నదంతా బయటపడుతుంది. మళ్లీ నీళ్లు వదిలితే అదంతా గుర్రపుడెక్కకు చుట్టుకుని లాకుల దగ్గరికి, అక్కడి నుంచి చివరి పొలాల తూముల్లోకి పోతుంది. తూము పూడితే నారుమడికి నీరందదు. కాబట్టి నీళ్లు వదలడానికి ముందు వచ్చే ఆదివారాలే అన్నిటికంటే విలువైనవి. ఆ తేదీని అధికారులు ముందుగా ప్రకటిస్తే, మీరు దాన్ని మొదటి పేజీలో వేస్తే, గట్టు పొడవునా ప్రతి వీధివాళ్లూ తమ ఇళ్ల వెనక భాగాన్ని శుభ్రం చేసుకోగలుగుతారు. నింపిన సంచులు ఆ రోజే లారీ ఎక్కాలి. గట్టు మీద ఉండిపోతే కుక్కలు చింపుతాయి, ఒక్క గాలివాన వస్తే మళ్లీ కాలువలోకే.

మాలో చాలామందిమి అరవై దాటినవాళ్లం. అడుగున బురదలోకి దిగడానికి వయసులో ఉన్న పిల్లలు కావాలి. వచ్చేవారు పాత యూరియా సంచులు, పొడుగు చేతుల చొక్కా, మందమైన చేతి తొడుగులు తెచ్చుకోవాలి. చెప్పులతో దిగవద్దు, అడుగున గాజు పెంకులుంటాయి. ఎండ ముదరకముందే, ఆరింటికల్లా వంతెన దగ్గర ఉంటాం. మజ్జిగ మేము తెస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణలంక, విజయవాడ