రెండో పెళ్లి కాగితం మీద మొదటి భార్య వేలిముద్ర

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

ఉత్తరాఖండ్ 2024లో ఉమ్మడి పౌరస్మృతి చట్టం చేసినప్పటి నుంచి మన దగ్గర కూడా ఒకటే వాదన నడుస్తోంది. ఒక మగవాడు ఎందరిని పెళ్లాడవచ్చో ప్రభుత్వం చెప్పవచ్చా, లేక అది మతాలకే వదిలేయాలా అని. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలో మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. సంఘంలో ఆడవాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టడం, కాగితాలు చదివి చెప్పడం కూడా ఆ పనిలో కలిసిపోయాయి. ఆ అనుభవంతోనే అంటున్నాను, ప్రభుత్వం పెళ్లి విషయంలో ఎప్పుడో తలదూర్చింది. రోజూ మండల కార్యాలయంలో ఎవరు భార్యో, ఎవరు కాదో తేలుస్తూనే ఉంది. కానీ ఆ పనిని సగం చేసి చేతులు దులుపుకుంది. మిగతా సగం మీ శాఖల పరిధిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు మా ఊళ్లలో రెండో పెళ్లి ఎలా జరుగుతుందో చెప్పాలి. పిల్లలు కలగలేదనో, పుట్టినవాళ్లంతా ఆడపిల్లలేననో అత్తింట్లో సణుగుడు మొదలవుతుంది. కొన్నాళ్లకు పెద్దమనుషులు కూర్చుంటారు. మొదటి భార్య చేత స్టాంపు కాగితం రాయించుకుంటారు. అలాంటి కాగితం ఒకటి ఈమధ్య నా చేతికి వచ్చింది. నాలుగు మడతలు పెట్టి దాచినందువల్ల మడతల దగ్గర చిరిగిపోయింది. ‘నాకు సంతానం లేనందున నా భర్త మారు వివాహం చేసుకొనుటకు ఎవరి బలవంతమూ లేకుండా నా పూర్తి సమ్మతితో ఒప్పుకొనడమైనది’ అని దస్తావేజులు రాసేవారి ధోరణిలో ఉంది. కింద ఆమె ఎడమచేతి బొటనవేలి ముద్ర. పక్కన సాక్షుల సంతకాలు, అందరూ మగవాళ్లే. చట్టం ముందు ఆ కాగితానికి చిత్తు కాగితం విలువ కూడా లేదు. ఆమె మాత్రం దాని వల్లే తనకు ఆ ఇంట్లో తిండీ బట్టా దక్కుతున్నాయని నమ్మి ఇన్నేళ్లూ ట్రంకుపెట్టె అడుగున దాచుకుంది.

కొన్ని ఇళ్లలో ఆ కాగితం కూడా ఉండదు. ‘ఎవరో పరాయిది వచ్చేకంటే నీ చెల్లెలే నయం కదా’ అని నచ్చజెప్పి, తోడబుట్టినదాన్నే ఆ ఇంటికి కోడలిగా తెస్తారు. పాలమూరు వైపు వలసది మరో దారి. ముంబైకో పుణెకో పనికి వెళ్లిన మనిషి అక్కడ ఇంకో సంసారం పెడతాడు. ఆ సంగతి ఊళ్లో ఉన్న భార్యకు ఒక్కోసారి అతని శవం ఇంటికి వచ్చిన రోజునే తెలుస్తుంది.

నేను చెప్పినవి చాలావరకు హిందువుల ఇళ్ల సంగతులు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే చర్చ పక్కదారి పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమ భర్తకు మరో భార్య ఉందని చెప్పిన మహిళలు దేశం మొత్తం మీద 1.4 శాతం. ముస్లింలలో 1.9, హిందువుల్లో 1.3. జనాభా లెక్కన చూస్తే సవతి ఉన్న స్త్రీలలో అత్యధికులు హిందువులే. అయినా హిందువులకు ఈ నిషేధం కొత్తది కాదు. మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందువుల బహుభార్యత్వాన్ని నిషేధించింది. అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మన జిల్లాలకు అది వర్తించలేదు. మనకు 1955 నాటి హిందూ వివాహ చట్టంతోనే ఆ రక్షణ వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల వరకు.

శిక్ష అంత పెద్దదైనా పట్టుబడేవాళ్లు అరుదు. రెండో పెళ్లి తంతు ఆచారం ప్రకారం సక్రమంగా జరిగిందని రుజువైతేనే నేరమని సుప్రీంకోర్టు 1965లో తేల్చింది. అందుకే తెలిసినవాడు తంతు పెట్టుకోడు. ఎవరూ ఎరగని గుడిలో దండలు మార్చుకుని వస్తాడు. పురోహితుడు ఉండడు, ఫొటో ఉండదు. కాపురం ఊరందరి కళ్ల ముందే ఉంటుంది, కోర్టులో మాత్రం పెళ్లే జరగలేదంటారు. మొదటి భార్య తన పెళ్లిని నిరూపించుకోవడానికే తంటాలు పడుతుంది, ఎందుకంటే అదీ ఎక్కడా నమోదు కాలేదు.

ఇక ప్రభుత్వ పథకాల సంగతి చూడండి. ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు ఇస్తున్నారు. వధువు వయసు, కులం, ఆదాయం అన్నీ పరిశీలిస్తారు. వరుడికి ఇంతకుముందే పెళ్లయిందా అన్నది కూడా అంతే నిక్కచ్చిగా విచారించాలి కదా. రైతు బీమాలో ఐదు లక్షలు నామినీకి వెళ్తాయి. మాకు తెలిసిన ఒక రైతు చనిపోయినప్పుడు నామినీగా చిన్న భార్య పేరుంది. ఆ చేలో ఇరవై ఏళ్లు కలుపు తీసిన పెద్ద భార్యకు పైసా రాలేదు. వితంతు పింఛనుకు ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. అసలు భార్య ఎవరో తేల్చుకుని రమ్మని పంపేశారు. తేల్చాల్సింది ఎవరు? అంత్యక్రియల ఖర్చు కోసం తెచ్చిన అప్పు తీరకముందే ఆ ఇద్దరూ కోర్టు మెట్లెక్కాలా?

మతస్వేచ్ఛ గురించి అడిగేవాళ్లకు ఒక మాట. ప్రభుత్వ ఉద్యోగి ఏ మతస్థుడైనా భార్య బతికి ఉండగా అనుమతి లేకుండా మరో పెళ్లి చేసుకోకూడదని ప్రవర్తనా నియమావళి ఎప్పటి నుంచో చెబుతోంది. ఉత్తరప్రదేశ్‌లో అలాంటి నిబంధనను సుప్రీంకోర్టు 2015లో సమర్థించింది. మతం అనుమతించినంత మాత్రాన అది మతధర్మంలో విడదీయరాని భాగం కాదని 2003లోనే హరియాణా కేసులో చెప్పింది. ఉద్యోగి భార్యకు ఉన్న ఈ రక్షణ కూలి మనిషి భార్యకు ఎందుకు లేదు?

ముస్లిం సోదరీమణుల విషయంలో నాకు తెలిసినది కొంతే. కానీ నల్లగొండలో వాళ్లతో కలిసి సమావేశాల్లో కూర్చుంటాను కనుక ఒకటి గమనించాను. కాగితం విషయంలో వాళ్లు మాకంటే ముందున్నారు. నికా అంటేనే ఒప్పందం. మెహర్, అంటే వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము, ఎంతో రాస్తారు, ఖాజీ పుస్తకంలో ఎక్కిస్తారు. రెండో పెళ్లి చేసుకుంటే భార్యకు విడిపోయే హక్కు ఉండేలా నికానామాలోనే షరతు రాసుకోవచ్చు. అందరినీ సమంగా చూడలేమని భయపడితే ఒక్కరినే చేసుకోమని ఖురాన్ కూడా చెబుతోంది. ట్యునీషియా 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించింది. ఒకరికి ఒక్కరే అన్న నియమం అందరికీ ఉండాలన్నదే నా అభిప్రాయం. అయితే అది ఒక మతం వాళ్లను బోనులో నిలబెట్టే చట్టంగా వస్తే, ఆ ఇళ్లలోని ఆడవాళ్లు తమ మగవాళ్లను కాపాడుకోవడానికే నోరు మూసుకుంటారు. ఖాజీలతో, మహిళలతో కూర్చుని మాట్లాడి తెచ్చిన చట్టమే వాళ్లకు పనికొస్తుంది.

మా ప్రాంతంలో తండాలు ఎక్కువ. హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. తెగ ఆచారంలో రెండో పెళ్లి నిషిద్ధమని నిరూపించకపోతే కేసు నిలవదని ఒక గిరిజన దంపతుల విషయంలో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తరాఖండ్ చట్టమూ గిరిజనులను బయటే ఉంచింది. గిరిజనుల ఆచారాన్ని గౌరవించాల్సిందే. ఆ పేరుతో లంబాడా ఆడబిడ్డను ఏ రిజిస్టరులోనూ లేకుండా వదిలేయడం ఏం గౌరవం?

రెండో భార్యలు కూడా మా సంఘాల్లోనే ఉన్నారు. వాళ్లలో మోసపోయినవాళ్లు, పేదరికంలో తోసేయబడినవాళ్లు ఎక్కువ. చట్టం వాళ్ల మీద కత్తి దూస్తే ఒప్పుకోలేం. చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలకూ తండ్రి వాటా ఆస్తిలో హక్కుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో ఒక స్త్రీ మొదటి భర్త నుంచి ఒప్పంద పత్రంతోనే విడిపోయి, ఆ సంగతి తెలిసిన మనిషినే పెళ్లాడింది. కోర్టు విడాకులు లేవన్న సాకుతో ఆమెకు భరణం ఎగ్గొట్టడం కుదరదని 2025 జనవరిలో తీర్పు వచ్చింది. కోర్టులు మనసు పెట్టి చూస్తున్నాయి. కానీ దేవరకొండ నుంచి దిల్లీ దాకా వెళ్లగలిగే ఆడవాళ్లు ఎందరు?

పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే ఆదేశించింది. పాస్‌పోర్టు కోసమో పథకం డబ్బు కోసమో తప్ప మా ఊళ్లలో ఎవరూ నమోదు చేయించుకోవడం లేదు. మంత్రి గారూ, ఆ చట్టానికి ప్రాణం పోయండి. పెళ్లయిన ఊళ్లోనే పంచాయతీ కార్యదర్శి నమోదు చేయాలి. ఇంతకుముందు పెళ్లయిందా, అయితే అది ఎలా ముగిసిందో ఇద్దరూ రాసి సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే ఆ కాగితమే సాక్ష్యం కావాలి. ఖాజీల, చర్చిల పుస్తకాలను, తండా నాయకులు చెప్పే వివరాలను ఆ రిజిస్టరుకు కలపాలి. భార్య చేత ఒప్పుదల కాగితం రాయించే పెద్దమనుషులను కూడా బాధ్యులను చేయాలి. ఇప్పటికే ఇలాంటి కాపురాల్లో ఉన్న స్త్రీలనూ వాళ్ల పిల్లలనూ శిక్ష భయం లేకుండా నమోదు చేసి, పింఛనూ బీమా దగ్గర ఎవరి హక్కు ఎంతో ముందే రాసిపెట్టాలి.

పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2002 చట్టానికి సవరణ ముసాయిదా సిద్ధమైతే, శాసనసభకు వెళ్లకముందే తెలుగులో గ్రామ సమాఖ్యలకు పంపండి. నమోదు ఫారంలో ఏ ప్రశ్న ఎలా అడిగితే మా ఆడవాళ్లు భయపడకుండా జవాబు చెప్పగలరో మేం రాసి పంపుతాం.

భవదీయురాలు,
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా