పొగ వెనక్కి తన్నితే ముందు గొట్టం సంగతి చూడండి

సంపాదకులకు,

చలి ముదిరితే మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లలో తలుపున్న ఇనుప కట్టెల పొయ్యిలు మళ్లీ రాజుకుంటాయి. ముట్టించగానే గదినిండా పొగ, అందరి కళ్లల్లో నీళ్లు. పచ్చి కట్టె అంటగట్టాడని అమ్మినవాణ్ని తిట్టుకుంటారు. ఎండుకట్టెకూ అంతే పొగ వస్తుంటే లోపం గొట్టం దగ్గరుంది. వాడక చల్లబడ్డ గొట్టంలో చల్లగాలి బరువుగా కూర్చుంటుంది. కింద పుట్టిన కాస్త వేడి దాన్ని పైకి నెట్టలేదు. పొగ ఇంట్లోకే తన్నుతుంది.

గొట్టంలో పొగదారిని మూసి తెరిచే డ్యాంపర్ రేకు పూర్తిగా తెరిచి, పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి పట్టండి. దాని పొగ మీ ముఖం మీదికి వంగితే గాలి పైనుంచి దిగుతోందన్నమాట. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, పొయ్యి ఉన్న గదిలో కిటికీ నాలుగు వేళ్ల మేర తెరవాలి. మేడ ఉంటే పైకిటికీలు మూసేయాలి. చాలామంది కింద బిగించి పైన తెరిచిపెడతారు. వెచ్చటి గాలి మెట్లదారిన పైకి పోతుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు పొగగొట్టంలోంచే గాలి లాక్కుంటుంది.

కట్టెల పేర్పు మనకు అలవాటైనదానికి తలకిందులుగా ఉండాలి. అడుగున మణికట్టు లావు తుమ్మ కట్టెలు రెండుమూడు, ఒకదానికొకటి వేలు పట్టేంత సందుతో. వాటిమీద అడ్డంగా బొటనవేలి లావు చీలికలు, అన్నిటికీ పైన కంది పుల్లలు, కొబ్బరి పీచు. ఇప్పుడు పేపరు షీటొకటి మెలిపెట్టి అంటించి గొట్టం మొదట్లో పట్టండి. రెండు మూడు షీట్లు కాలేసరికి మంట నిటారుగా సాగి, గొట్టంలో హోరు వినిపిస్తుంది. (రంగుల సప్లిమెంటు వద్దు, మామూలు పేజీలే మేలు. ఇవాళ్టివి చదివాకే.) వెంటనే పైపుల్లలు ముట్టించాలి. అడుగున అంటిస్తే పైనున్న చల్లటి కట్టె ఆ వేడిని మింగి పొగ కక్కుతుంది. పైన అంటిస్తే కింది కట్టె పొగ మంటలోంచి పోతూ కాలిపోతుంది. తలుపు అయిదు పది నిమిషాలు వేలి సందున ఉంచి మూయండి. కిరోసిన్ జోలికి పోవద్దు.

ఇంత చేసినా పొగ వస్తే మిద్దెక్కి చూడాలి. గొట్టం టోపీ కింద పావురాలు గూడు పెట్టకపోతేనే వింత. గొట్టం కప్పు దాటి కనీసం మూడడుగులు లేవాలి. పక్కన అపార్ట్‌మెంట్ ఉంటే గాలి దానికి కొట్టుకుని గొట్టంలోకి దిగుతుంది, ఎత్తు ఇంకా పెంచక తప్పదు.

నిప్పులు ఎర్రగా ఉండగా, వేడి పోతుందని డ్యాంపర్ మూసి పడుకోవద్దు. పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. కిటికీ ఆ నాలుగు వేళ్లూ తెల్లారేదాకా తెరిచే ఉండాలి.

— ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్