కొంగల్ని లేపి తీసిన ఫొటోలు వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో కొంగలు గుంపుగా లేస్తున్న ఫొటో పెద్దగా వేశారు. మా ఇంట్లో అందరూ బావుందన్నారు. నేను మాత్రం ఆ పేజీ పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ కొంగలు ఎక్కడికో బయల్దేరినట్టు లేవు. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, రెండు ఒకదాన్నొకటి గుద్దుకునేలా, ఒకదాని ముక్కులో గూటికి తెచ్చిన పుల్ల ఇంకా అలాగే ఉంది. కింద చెట్టు నిండా గూళ్ళు కనిపిస్తున్నాయి. గూళ్ళున్న చెట్టు మీంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయంటే వాటంతట అవి లేచినట్టు కాదండీ, ఎవరో లేపారు.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మొదట్లో నేనూ అదే చేశాను. నేను భీమవరం దగ్గర చేపల, రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్‌లో పని చేస్తాను. తెల్లారేసరికి ఏదో ఒక చెరువు గట్టు మీద ఉంటాను కాబట్టి ఎనిమిదేళ్ళ కింద ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, 400 ఎంఎం లెన్స్ కొనుక్కున్నాను. ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టాను, ఒకసారి మట్టిగడ్డ కూడా విసిరాను. ఇప్పటికీ ఆ ఫొటోలు నా దగ్గరున్నాయి, ఎవరికీ చూపించను.

మానేసింది మాత్రం ఒక పెద్దావిడ మాట వల్ల. మా వైపు ఒక ఊళ్ళో, పేరు కావాలనే రాయడం లేదు, చెరువు మధ్య దిబ్బ మీద తుమ్మచెట్లున్నాయి. చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలు (ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్) అక్కడ గూళ్ళు కడతాయి. ఒక జనవరిలో పొద్దున్న పదిన్నరకి నేను వెళ్ళేసరికి కార్లో వచ్చిన ముగ్గురు గట్టు మీద కెమెరాలు పెట్టుకుని రెడీగా ఉన్నారు, నాలుగోవాడు అవతలి గట్టుకెళ్ళి టపాకాయ పేల్చాడు. చెట్లన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి. కెమెరాలు టకటకమన్నాయి. రెండు నిమిషాల్లో కాకులు దిగాయి. ఒక కాకి గుడ్డు పట్టుకుపోవడం నా కళ్ళతో చూశాను. ఇంకో గూట్లోంచి పిల్ల ఒకటి బెదిరి అంచుకి జరిగి నీళ్ళలో పడింది, మళ్ళీ పైకి రాలేదు. అప్పుడు చెరువులో గిన్నెలు తోముకుంటున్న ఆవిడ లేచి నిలబడి, "ఏం బాబూ, బాలింతల్ని ఎవరన్నా ఇలా లేపుతారా?" అంది. వాళ్ళని తిట్టలేదు, అంతే అంది. వాళ్ళు నవ్వేసి కారెక్కారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఎండ ఎక్కాక తల్లి కొంగ గూట్లో ఊరికే నిలబడదు, రెక్కలు సగం విప్పి పిల్లల మీద గొడుగులా పడుతుంది. గూడకొంగ, అదే గొంతు కింద సంచి ఉండే పెలికాన్, దాని పిల్లలైతే పుట్టినప్పుడు ఒంటి మీద ఒక్క ఈక కూడా లేకుండా గులాబీ రంగులో ఉంటాయి, వాటికి ఎండ తట్టుకునే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? తల్లి పది నిమిషాలు గాల్లో తిరిగితే ఇటు ఎండ, అటు కాకులు, గద్దలు. ఫొటో తీసినవాడికి అది తెలియదు, ఎందుకంటే వాడి కళ్ళు పైన ఎగిరేవాటి మీదే ఉంటాయి.

చట్టం కూడా ఇదే చెబుతోంది, చాలామందికి తెలియక రాస్తున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు, పక్షుల గుడ్లనీ గూళ్ళనీ చెదరగొట్టడం కూడా అందులోకే వస్తుంది. అంటే టపాకాయ పేల్చినవాడూ తుపాకీ పట్టినవాడూ చట్టం లెక్కలో ఒకే మాట కిందికి వస్తారు. అభయారణ్యంలో ఫొటోలకి అటవీ శాఖ అనుమతి కావాలి, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. ఈ మధ్య పెళ్ళికి ముందు వీడియోలని కొల్లేరు వైపు డ్రోన్లు తీసుకొస్తున్నారు. మనకి అది బొమ్మలా కనిపిస్తుంది గానీ గూట్లో కూర్చున్న పక్షికి నెత్తి మీదకి గద్ద వచ్చినట్టే.

ఇక్కడ చెరువు రైతుల మాట కూడా చెప్పాలి. వాళ్ళూ టపాకాయలు కాలుస్తారు, డబ్బాలు కొడతారు. గూడకొంగ నాలుగైదు కిలోల పక్షి, గుంపుగా దిగితే చేపల రైతుకి నష్టమే, ఆ బాధ నేను రోజూ వింటున్నాను. వాళ్ళది వేరే సమస్య, దాని గురించి ఇంకోసారి రాస్తాను. కానీ ఫొటో కోసం వచ్చినవాడికి పోయేదేముంది? ఇంకాసేపు కూర్చోవడమే కదా.

కూర్చుంటే ఎగిరే ఫొటో రాదా అని అడుగుతారు. వస్తుందండీ, ఇంతకంటే బాగా వస్తుంది. ఇవి పెద్ద పక్షులు, ఒళ్ళు బరువు, రెక్కలు ఆడించుకుంటూ ఊరికే తిరగవు. ఎండ ఎక్కి వేడిగాలి పైకి లేవడం మొదలయ్యాక, చలికాలంలో తొమ్మిదిన్నర పది మధ్య, గూడకొంగలూ ఎర్రకాళ్ళ కొంగలూ వాటంతట అవే లేచి గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. సాయంత్రం గూటికి వచ్చేటప్పుడు కాళ్ళు చాచి, రెక్కలు వెనక్కి విరిచి మెల్లగా దిగుతాయి, ఆ ఒక్క క్షణం కోసం నేను వారాలు తిరిగాను. ఇలాంటి పెద్ద పక్షి ఎక్కువగా గాలికి ఎదురుగానే లేస్తుంది, కాబట్టి గాలి మీ వీపుకి తగిలేలా కూర్చుంటే చాలాసార్లు అది మీ వైపే వస్తుంది. లేవబోయే ముందు మెడ ముందుకి చాస్తుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది, అది చూసి కెమెరా ఎత్తితే చాలు. సెకనులో 2000వ వంతు షటర్ స్పీడ్ పెట్టుకోండి. తెల్ల పక్షి మీద ఎండ పడితే ఈకలన్నీ కలిసిపోయి సున్నం కొట్టినట్టు వస్తాయి, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి పడే వెలుగు, కొంచెం తగ్గించుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా దూరం. మీరు దగ్గరికి వెళ్తున్నప్పుడు పక్షి తినడం ఆపి మెడ నిలబెట్టిందా, అక్కడే ఆగిపోవాలి. ఇంకో అడుగు వేస్తే రెక్కలు విప్పుతుంది. ఆగి, కూర్చుని, కాసేపు కెమెరా ముట్టుకోకుండా ఉంటే మళ్ళీ తల దించుకుని తిండిలో పడుతుంది. అప్పుడు తీసిన ఫొటోలో దాని కళ్ళల్లో భయం ఉండదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనైతే అడుగు కూడా వెయ్యక్కర్లేదు, ఆటుకి నీళ్ళు వెనక్కి తీసి బురద తేలేటప్పటికి వెళ్ళి ఒకచోట కూర్చుంటే కొంగలూ, వంకర ముక్కు కంకణం పిట్టలూ తిండి కోసం అవే వస్తాయి.

అసలు ఎగిరే ఫొటో మీద ఇంత మోజు ఎందుకో నాకు అర్థం కాదు. మన దమ్ము చేలల్లో ట్రాక్టర్ వెనకాలే నడిచే నత్తగుల్ల కొంగని ఎప్పుడైనా ఆగి చూశారా? ట్రాక్టర్‌కి భయపడదు, బైక్ మీద కూర్చున్నవాడికి భయపడదు, దిగి నడిస్తేనే లేస్తుంది, అందుకే నేను బైక్ దిగను. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లకొంగకి ఆ సందు ఉండదు, పెద్దయ్యే కొద్దీ వస్తుంది. బురదలోంచి నత్తని తీసి, పగలగొట్టకుండా నేలకి అదిమిపెట్టి, కింది ముక్కు కొనని మూతలోకి దూర్చి, కండని కోసి మొత్తం మాంసం బయటికి లాగుతుంది. గుల్ల గుల్లలాగే మిగిలిపోతుంది. దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు ఒక పొద్దున్న ఒకే కొంగ దగ్గర గంటన్నర ఉన్నాను, ఫొటోల్లో నాలుగే పనికొచ్చాయి. ఆ నాలుగూ నాకు ఎన్ని గుంపుల ఫొటోలకీ మార్చుకోబుద్ధి కాదు.

మీ విలేకరులకి ఇంకో మాట. ఎర్రకాళ్ళ కొంగలు కనిపించినా, నత్తగుల్ల కొంగలు కనిపించినా "సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు" అని రాస్తారు. కాదండీ. ఇవి మన పక్షులు, మన దేశంలోనే పుట్టి మన చెట్ల మీదే గూళ్ళు కట్టేవి. నిజంగా సైబీరియా నుంచి వచ్చే తెల్ల కొక్కెర (సైబీరియన్ క్రేన్) మన దేశంలో చివరిసారి కనిపించింది 2002లో, అది కూడా రాజస్థాన్ భరత్‌పూర్‌లో. విదేశీ అతిథులు అనేసరికి జనానికి నాలుగు రోజులుండి పోయేవేగా, పోయేలోపు ఒక ఫొటో తీసుకుందాం అన్న ఆత్రం వస్తుంది. మన ఊరివి అని రాస్తే వాటి తుమ్మచెట్టు కొట్టేటప్పుడైనా ఎవరో ఒకరు అడ్డం వస్తారు.

1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షి పరిశీలకుడు మా పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఆరేడు అనే ఊళ్ళో గూడకొంగల పెద్ద కాలనీని చూసి ప్రపంచానికి చెప్పాడు. ఊరి చెట్ల మీద గూళ్ళు! ఇప్పుడు అక్కడ ఆ కాలనీ లేదు. కొల్లేరులో కూడా 1970లలో గూడకొంగలు గూళ్ళు కట్టడం మానేసి, చాలా ఏళ్ళకి గానీ తిరిగి రాలేదు. 1999లో అభయారణ్యం అన్నాం, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది, కొల్లేరు ఒడ్డున ఆటపాకలో అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెడితే వాటి మీద గూళ్ళు కట్టుకుంటున్నాయి. పోయినవి మళ్ళీ రావడానికి అంత కాలం పట్టింది. ఆటపాకలో గట్టు మీంచి చూసినా గూట్లో తల్లి గొంతు సంచిలోకి పిల్ల తల దూర్చి తినడం కనిపిస్తుంది, పడవ వాడిని ఇంకా దగ్గరికి పోనిమ్మని డబ్బులిచ్చే పని లేదు.

మిమ్మల్ని అడిగేది మూడు విషయాలు. గూళ్ళ మీంచి పక్షులు చెదిరి లేస్తున్న ఫొటో ఎంత బాగున్నా వెయ్యకండి, ఎలా తీశావని పంపినవాణ్ణి అడగండి. ఊళ్ళలో గూళ్ళు కట్టే చోటు పేరు, దారి గూళ్ళ కాలంలో అచ్చు వెయ్యకండి, వేసిన వారానికి కార్లు వరసకడతాయి. ఆటపాక లాంటి కాపలా ఉన్న చోట్ల సంగతి వేరు, వాటి గురించి రాస్తే మంచిదే. మూడోది, ఫొటో కింద పక్షి పేరు సరిగ్గా వెయ్యండి. పేరులో అనుమానం వస్తే మీ లోకల్ విలేకరిని నాకు ఫొటో పంపమనండి, మీ ఆఫీసులో నా నంబర్ ఇచ్చాను. రాత్రి పదకొండు వరకు మేలుకునే ఉంటాను, చూసి చెబుతాను.

ఇట్లు,
భీమవరం దగ్గర్నుంచి ఒక పాఠకుడు