డిబేట్ అంటే కంఠస్థం కాదు

సంపాదకులకు,

పాఠశాలల్లో డిబేట్ పేరుతో జరిగేవి చాలావరకు బట్టీ పట్టిన ప్రసంగాలే కావడం బాధాకరం. ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీల్లో వాడే బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో అంశం ప్రకటించాక సిద్ధం కావడానికి ఇచ్చేది 15 నిమిషాలే. ఏ పక్షాన మాట్లాడాలో విద్యార్థి ఎంచుకోలేడు. ఇద్దరేసి ఉండే నాలుగు జట్లు, ఒక్కొక్కరికి 7 నిమిషాలు. మొదటి, చివరి నిమిషాల్లో తప్ప ప్రత్యర్థి లేచి ప్రశ్న వేయవచ్చు. ఆ టెన్షన్‌లోనే ఆలోచన పదునెక్కుతుంది. ఎదుటివారి మాట శ్రద్ధగా విని, అందులోని బలమైన వాదనకే జవాబు చెప్పడం అన్నిటికన్నా కష్టం. మన పాఠశాలల పోటీల్లో చాలామంది న్యాయనిర్ణేతలు మాత్రం గొంతుకీ, హావభావాలకీ మార్కులు వేసి ఊరుకుంటున్నారు. ఖండనకు విడిగా మార్కులు ఉంచాలని, ఫలితంతోపాటు కారణాలూ పిల్లలకు వివరించాలని నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక ఉపాధ్యాయురాలు