ఊరికే రాస్తున్నా

చి. కిరణ్‌కి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. వానలకి వంటింటి పెంకులు కారుతున్నాయి, మీ అమ్మ కింద గిన్నెలు పెట్టుకుని వండుతోంది. నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా "డ్యూటీలో ఉన్నా" అంటావు. విశేషం ఏమీ లేదు, ఊరికే రాస్తున్నా.

సత్యం మావయ్య గాజువాక వెళ్లొచ్చాడు. పొద్దున్న పదకొండింటికి, నువ్వు రైల్వే షెడ్డులో అప్రెంటిస్ పని నేర్చుకుంటూ ఉండాల్సిన వేళ, నీలాంటి కుర్రాడే వీపుకి పెద్ద సంచీ తగిలించుకుని హోటల్ ముందు పార్సిల్ కోసం నిలబడ్డాడట. నువ్వేనని నేను అనడం లేదు. మావయ్యకి శుక్లాలు కూడా ఉన్నాయి.

అప్రెంటిస్‌కి ఇచ్చే స్టైపెండ్ చాలడం లేదా? 2019లో రూల్సు మార్చి, చదువును బట్టి 5 వేల నుంచి 9 వేలు చేశారు. అద్దెకీ మెస్సుకీ అయిపోతుందని నాకూ తెలుసు. చాలకపోతే అడుగు, పాల డబ్బులున్నాయి. అమ్మకి చెప్పకు.

పెదనాన్న ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరినప్పుడు వైసులో ఇనప ముక్క బిగించి చేతికి ఆకురాయి ఇచ్చారు. పొద్దస్తమానం అరగదీయడమే. ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు కనపడేది. మేస్త్రీ తిట్టడు, ఇంకో ముక్క ఇస్తాడు. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోతే నాయనమ్మ ముద్దలు పెట్టేది. చివరికి వెలుతురు దూరకుండా చేశాడు. ఇంతా చేసి, బయట కాంట్రాక్టరు కూలీ ఎక్కువ ఇస్తానన్నాడని చివర్లో సర్టిఫికెట్ కోసం పెట్టే ట్రేడ్ టెస్ట్ రాయకుండా వెళ్లిపోయాడు. తర్వాత ఒక ఫ్యాక్టరీలో ఖాళీలు పడితే పని చేసి చూపిస్తానన్నాడు. సర్టిఫికెట్ ఏదన్నారు. ఆ ఆకురాయితో ఇప్పుడు పెద్దమ్మ కత్తిపీట నూరుతోంది.

అప్రెంటిస్ అవగానే ఉద్యోగం ఇచ్చి తీరాలని 1961 అప్రెంటిస్ చట్టంలో లేదు, ఒప్పుకుంటా. కానీ రైల్వే నేరుగా భర్తీ చేసే లెవెల్-1 పోస్టుల్లో, అంటే అన్నిటికంటే కింది మెట్టు ఉద్యోగాల్లో, 20 శాతం రైల్వేలో అప్రెంటిస్ చేసినవాళ్లకే. పూర్తి చేసినవాళ్లకి! పరీక్ష ఎలాగూ రాయాలి, పుస్తకం తీస్తున్నావా? అప్రెంటిస్‌లకీ లీవులుంటాయి. ఒంట్లో బాగోకపోతే లీవు పెట్టు గానీ మానేయకు. మానేశావని కాదు.

వేరుశెనగ ఉండలూ, ఆవకాయా ఆదివారం బస్సులో పంపుతున్నాం, బస్టాండ్ కాంప్లెక్స్‌లో తీసుకో. డబ్బా వెనక్కి పంపకపోతే మీ అమ్మ నన్ను తింటుంది. సేఫ్టీ బూట్లు తడిస్తే లోపల పేపర్లు కుక్కి ఆరబెట్టు. ఈ నెల హాజరు పట్టీ ఫోటో తీసి పంపు, చెల్లి చూడాలంటోంది.

మీ నాన్న